హెల్మెట్ ట్యాంకు మీద.. నీతులు పిల్లల నెత్తిమీద!

ఈసారి సిగ్నల్ దగ్గర బండి ఆపినప్పుడు చుట్టూ ఒక్కసారి చూడండి. పొద్దున ఎనిమిదిన్నర, స్కూళ్ల టైమ్ అయితే ఇంకా బాగా కనిపిస్తుంది. తండ్రి బండి నడుపుతుంటాడు. హెల్మెట్ ట్యాంకు మీద ఉంటుంది, లేదంటే మోచేతికి వేలాడుతుంటుంది. వెనక పిల్లాడు, వాడి వీపున వాడికంటే పెద్ద బ్యాగు. దూరాన కానిస్టేబుల్ కెమెరా ఎత్తడం కనిపించగానే తండ్రి గబుక్కున హెల్మెట్ నెత్తిన పెట్టుకుంటాడు. మలుపు తిరగ్గానే అది మళ్లీ ట్యాంకు మీదికి వచ్చేస్తుంది. నంబర్ ప్లేటుకు చెయ్యి అడ్డం పెట్టమని వెనకున్న పిల్లాడికే డ్యూటీ వేసే మహానుభావులూ ఉన్నారు.

ఆ పూట ఆ పిల్లాడు ఏం నేర్చుకున్నాడంటారు? హెల్మెట్ పెట్టుకోవాలని అయితే కాదు. ఎప్పుడు పెట్టుకోవాలో నేర్చుకున్నాడు. కెమెరా ఉన్నప్పుడు. పదేళ్ల తర్వాత వాడే ఇంజినీరింగ్‌లో ఫ్రెండ్‌తో ప్రాక్సీ అటెండెన్స్ వేయించుకుంటే, ఇదే తండ్రి ‘ఈ కాలం పిల్లలకు డిసిప్లిన్ అనేదే లేదండీ’ అంటాడు.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మనకో సామెత ఉంది. తమాషా ఏంటంటే, దీన్ని ఎక్కువగా వాడేది పెద్దవాళ్లే. అదీ ఎప్పుడూ పక్కింటి ఆవు గురించే!

కెరీర్ పేజీలో ఈ గొడవేంటి అనుకుంటున్నారా? ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలో మీకు పనికొచ్చేవి ఏంటో ఒకసారి ఆలోచించండి. చెప్పిన రోజుకు పని ఇవ్వడం. ఇవ్వలేకపోతే ఆ సంగతి ముందే చెప్పడం. రానిది రాదని ఒప్పుకోవడం. ఎవరూ చూడకపోయినా టెస్టింగ్ పూర్తిగా చేయడం. వీటికి ఏ సెమిస్టర్‌లోనూ పేపర్ లేదు. అమీర్‌పేటలో దొరకని కోర్సు ఉండదంటారు, ఇది మాత్రం అక్కడా దొరకదు. మరి ఇవి ఎక్కడినుంచి వస్తాయి? నాకు తెలిసినంతలో, మన చుట్టూ ఉన్న పెద్దవాళ్లు తమకు తాము పెట్టుకున్న నియమాల నుంచి వస్తాయి. మనకు పెట్టిన నియమాల నుంచి కాదు.

నేను కోడ్ రాసి బతికేవాణ్ని కాబట్టి నా భాషలోనే చెప్తాను. ఏ సాఫ్ట్‌వేర్‌కైనా రెండు ఉంటాయి. అది ఏం చేస్తుందో చెప్పే డాక్యుమెంటేషన్ ఒకటి, నిజంగా పని చేసే కోడ్ ఇంకొకటి. రెండింటికీ పొంతన కుదరనప్పుడు నిన్న చేరిన ఫ్రెషర్ కూడా డాక్యుమెంటేషన్ మూసేసి కోడ్ తెరుస్తాడు. ఎందుకంటే రన్ అయ్యేది అదే. ఇంట్లో పిల్లలు చేసేదీ ఇంతే. ‘ఫోన్ పక్కన పెట్టి చదువుకో’ అనేది డాక్యుమెంటేషన్. ఆ మాట అంటూనే ఇంకో రీల్ పైకి జరిపే బొటనవేలు కోడ్. వాళ్లు దేన్ని నమ్ముతారో వేరే చెప్పాలా?

ఇది సైకాలజీ వాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే. 1961లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఆల్బర్ట్ బండూరా, ఇద్దరు సహచరులతో కలిసి 72 మంది నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరు పిల్లల ముందు ఒక పెద్ద మనిషి గాలి నింపిన బొమ్మను గుద్దాడు, సుత్తితో బాదాడు, తిట్టాడు. తర్వాత అదే బొమ్మ ఉన్న గదిలోకి పంపితే ఆ పిల్లల్లో చాలామంది అచ్చం అలాగే చేశారు. అవే మాటలు కూడా అన్నారు. బొమ్మను కొట్టమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చూశారు, అంతే.

అయితే నాకు దీనికంటే ఇంకో ప్రయోగం ఎక్కువ నచ్చుతుంది.

రెండో చాక్లెట్ ఎప్పుడొస్తుంది?

మోటివేషన్ క్లాసుల్లో మార్ష్‌మాలో కథ వినే ఉంటారు. స్టాన్‌ఫర్డ్‌లోనే వాల్టర్ మిషెల్ అనే ప్రొఫెసర్ మొదలుపెట్టింది. పిల్లాడి ముందు ఒక మిఠాయి పెట్టి, ‘నేను వచ్చేదాకా తినకుండా ఉంటే రెండోది ఇస్తా’ అని చెప్పి బయటికి వెళ్తారు. ఆగినవాడు జీవితంలో పైకొస్తాడు, ఆగనివాడు రాడు అన్నట్టుగా మనకు చెప్తుంటారు. నీతి ఏంటంటే, పిల్లాడిలో నిగ్రహం ఉండాలి. తప్పంతా పిల్లాడిదే.

2013లో అమెరికాలోని రాచెస్టర్ యూనివర్సిటీలో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు ఈ కథను తిరగేసి చూశారు. మూడు నుంచి ఐదేళ్ల వయసున్న 28 మంది పిల్లలను తీసుకున్నారు. మిఠాయి పెట్టడానికి ముందే ఒక చిన్న పని చేశారు. బొమ్మ గీయడానికి పాత క్రేయాన్లు ఇచ్చి, ‘కాసేపు ఆగితే ఇంతకంటే మంచి సెట్టు తెస్తా’ అని వెళ్లారు. సగం మంది పిల్లలకు చెప్పినట్టే తెచ్చారు. మిగతా సగం మంది దగ్గరికి వట్టి చేతులతో వచ్చి, ‘సారీ, లేవంట’ అన్నారు. స్టిక్కర్ల విషయంలోనూ మళ్లీ ఇలాగే చేశారు. ఆ తర్వాతే మిఠాయి పరీక్ష.

మాట నిలబెట్టుకున్న పెద్దవాళ్లను చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్లను చూసినవాళ్లు 3 నిమిషాలు. మొదటి గుంపులో 14 మందిలో 9 మంది చివరిదాకా ఆగితే, రెండో గుంపులో ఆగింది ఒక్కరే.

28 మంది పిల్లలతో ప్రపంచం మొత్తాన్ని తేల్చేయలేం, నిజమే. కానీ చూడండి, ఆ రెండో గుంపు పిల్లలు నిగ్రహం లేనివాళ్లు కారు. లెక్క తెలిసినవాళ్లు. ఈ మనిషి చెప్పింది రెండుసార్లు జరగలేదు, మూడోసారి జరుగుతుందని ఎందుకు కూర్చోవాలి? ఆ వయసులో వాళ్లు చేసింది సరైన లెక్కే.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. ‘టెన్త్ ఒక్కటి కష్టపడు, తర్వాత నీ ఇష్టం.’ టెన్త్ అయింది. ‘ఇంటర్ రెండేళ్లు పళ్లు బిగబట్టు, ఆ తర్వాత లైఫ్ అంతా ఎంజాయే.’ ఇంటర్ అయింది. ‘బీటెక్ నాలుగేళ్లు జాగ్రత్త.’ ఆ తర్వాత జాబ్ వచ్చేదాకా, ఆ తర్వాత ఆన్‌సైట్ వచ్చేదాకా, ఆ తర్వాత ఇల్లు కొనేదాకా. ఈ మాటలు అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్లు కూడా మన మీద ఆశతోనే అంటారు. కానీ క్రేయాన్లు తెస్తానని వెళ్లి వట్టి చేతులతో వచ్చిన మనిషిలాగే ప్రతిసారీ తిరిగొస్తారు. మూడో వాగ్దానం దగ్గరికి వచ్చేసరికి మనకు పద్దెనిమిదేళ్లు. ఆగి లాభం లేదని అప్పటికే అర్థమైపోయి ఉంటుంది.

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో రాష్ట్ర ర్యాంకులు తెచ్చుకున్నవాళ్లు ఎందుకు చతికిలబడతారో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఇప్పుడు కొంత అర్థమవుతోంది.

గంట ఆగిపోయాక

మీలో చాలామందిలాగే నేనూ రెసిడెన్షియల్‌లోనే ఇంటర్ ఎంపీసీ చదివాను. కాలేజీ పేరు వద్దులెండి, పేరు మారుస్తే మీదే అవుతుంది. ఐదింటికి గంట. స్టడీ అవర్‌కు గంట. టిఫిన్‌కు గంట. రాత్రి పడుకోవడానికీ గంటే. మా ఫ్లోర్ ఇన్‌చార్జి ఒకాయన ఉండేవాడు. స్టడీ అవర్‌లో పక్కవాడిని డౌట్ అడిగినా వీపు మీద ఒకటి పడేది. ఆయన మాత్రం అదే గదిలో కుర్చీలో వెనక్కి వాలి ఊళ్లోని పొలం కౌలు గురించి ఫోన్‌లో గంటసేపు గట్టిగా మాట్లాడేవాడు. మాలో ఎవరికీ ఆయన మీద కోపం కూడా ఉండేది కాదు. వార్డెన్లంటే అంతే అనుకునేవాళ్లం. మౌనంగా ఉండాలన్న నియమం మాకు చిన్నవాళ్లం కాబట్టి ఉంది. పెద్దయితే అది పోతుంది. మేం నేర్చుకున్నది అదే. క్రమశిక్షణ అంటే అధికారం లేనివాళ్లు పాటించేది అని.

కొట్టడం గురించి ఒక మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ చట్టం వర్తించేది ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు. ఇంటర్ పిల్లల వయసు అది దాటే ఉంటుంది. కానీ నేను చెప్పేది చట్టం సంగతి కాదు. ఆ దెబ్బ మమ్మల్ని నోరు మూయించింది, నిజమే. ఆయన గదిలో ఉన్నంతసేపు.

బీటెక్‌లో చేరిన మొదటి సోమవారం గంట మోగలేదు. ఎవరూ లేపలేదు. రెండేళ్లు ఐదింటికి లేచిన మా బ్యాచ్ వాళ్లలో సగం మంది రెండో వారానికల్లా మొదటి పీరియడ్ మానేశారు. అలవాటు అయిందనుకున్నది అలవాటే కాదు. లేచింది మేం కాదు, మమ్మల్ని గంట లేపింది.

సరే, అక్కడైనా నియమాలు లేవా అంటే, ఉన్నాయి. జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే, అనారోగ్యం లాంటి సరైన కారణం చూపించి, కండోనేషన్ ఫీజు కడితే మినహాయిస్తారు. 65 కూడా లేకపోతే డిటెన్షన్. చదవడానికి ఇది న్యాయమైన నియమమే. నిజంగా డెంగీ వచ్చి నెల రోజులు పడుకున్నవాడికి దారి ఉండాలి కదా. కానీ సెమిస్టర్ చివర్లో ఆఫీస్ కౌంటర్ ముందు లైన్ చూశారా? అంతమందికి ఒకే నెలలో జబ్బు చేస్తుందా! మెడికల్ సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారో సీనియర్లు చెప్తారు. సంతకం పెట్టడానికి తండ్రులు స్వయంగా వస్తారు. కాగితం చూడగానే అందరికీ సంగతి తెలుసు. స్టాంపు పడుతుంది. బయటికి వస్తూ కుర్రాడు అనుకునేది ఒకటే: పది శాతం క్లాసులు ఇంత రేటు.

ఫైన్ వేస్తే మనుషులు దారికొస్తారని మనం గట్టిగా నమ్ముతాం. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో ఇద్దరు ఆర్థికవేత్తలు ఇది పరీక్షించి 2000లో ఆ ఫలితాలు ప్రచురించారు. పది డేకేర్ సెంటర్లలో, సాయంత్రం పిల్లలను తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని ఆరింటిలో జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు టీచర్‌ను వెయిట్ చేయించామే అని మొహమాటపడేవాళ్లు, ఇప్పుడు డబ్బు కడుతున్నాం కదా అనుకున్నారు. కొన్ని వారాల తర్వాత జరిమానా ఎత్తేశారు. ఆలస్యాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఒకసారి రేటు కట్టాక మొహమాటం తిరిగి రాలేదు.

మనకు హైఫాదాకా వెళ్లాల్సిన పనికూడా లేదు. తెలంగాణలో పెండింగ్ చలాన్ల మీద 2022 మార్చిలో టూ వీలర్లకు 75 శాతం రాయితీ ఇచ్చారు. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ, ఈసారి 80 శాతం. ఖజానాకు డబ్బు రావాలంటే అదో మార్గం కావచ్చు, నేను కాదనను. కానీ ఇళ్లలో ఏం జరిగిందో గుర్తుందా? చలానా పడిన రోజే కట్టేసిన నాన్నను చూసి మనం నవ్వాం. ‘ఆగుంటే పావలా వంతుతో పోయేది కదా’ అన్నాం. నియమం పాటించినవాడు ఇంట్లో అమాయకుడైపోయాడు. ఆ నవ్వును పక్క గదిలో ఎనిమిదో తరగతి చదివే తమ్ముడు కూడా విన్నాడు.

ఇక్కడినుంచి ఫేక్ ఎక్స్‌పీరియన్స్‌దాకా పెద్ద దూరం లేదు. చదివేవాళ్లలో కొందరికి ఇది గుచ్చుకోవచ్చు. అయినా చెప్పాలి. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టించే సలహా మొదట ఎవరిస్తారు? ఎక్కువసార్లు ఇంట్లో పెద్దవాళ్లే. ‘ఫలానా వాళ్లబ్బాయి అలాగే పెట్టాడు, ఇప్పుడు గచ్చిబౌలిలో ఫ్లాట్ కొన్నాడు’ అని మావయ్యో, బాబాయో చెప్తాడు. చిన్నప్పుడు పక్కవాడి పెన్సిల్ తెచ్చుకుంటే చెంప పగలగొట్టింది కూడా ఆయనే అయ్యుంటాడు. ఆ దెబ్బకూ, ఈ సలహాకూ మధ్య ఉన్న తేడా కుర్రాడికి కనిపించదనుకుంటున్నారా?

అమ్మ నోట్‌బుక్

ఇంతసేపూ పెద్దవాళ్లను ఏకిపారేసినట్టు ఉంది కదా. అలా వదిలేస్తే అబద్ధం అవుతుంది. ఎందుకంటే నేను పనిలో నేర్చుకున్న కాస్త క్రమశిక్షణ కూడా పెద్దవాళ్ల దగ్గర్నుంచి వచ్చిందే. వాళ్లు చెప్పి నేర్పింది మాత్రం కాదు.

మా అమ్మ ఇంట్లోనే మిషన్ కుడుతుంది. జాకెట్లు, ఫాల్స్, పిల్లల లంగాజాకెట్లు. సంక్రాంతికి నెల ముందునుంచే మా వసారాలో కవర్లు గుట్టగా పడేవి. ఆమె దగ్గర ఒక రూళ్ల నోట్‌బుక్ ఉండేది. ఎవరి గుడ్డ, ఏ కొలత జాకెట్టు, ఏ రోజు ఇవ్వాలి. రోజుకు ఇన్ని కుట్టగలనని ఆమెకు తెలుసు. ఆ లెక్క నిండిందంటే ఇక తీసుకునేది కాదు. పండక్కి వారం ముందు ఒకావిడ వచ్చి రెట్టింపు ఇస్తానని బతిమాలింది. అమ్మ, ‘పండగ దాటాక ఇవ్వమంటే ఇస్తానమ్మా, ముందు మాత్రం అవదు’ అంది. ఆవిడ విసుక్కుని వెళ్లిపోయింది. ఆ డబ్బుతో నా ఫీజు కొంత తీరేది. అది నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు. ఆమె దాని గురించి ఒక్క మాట అనలేదు. తల వంచుకుని హుక్స్ కుట్టుకుంటూ కూర్చుంది.

టైమ్ మేనేజ్‌మెంట్ మీద ఆమె నాకు ఎప్పుడూ క్లాసు పీకలేదు. కానీ ఈరోజు మేనేజర్ ‘గురువారానికి అవుతుందా?’ అని అడిగితే నా చెయ్యి ముందు క్యాలెండర్ మీదికి వెళ్తుంది, నోరు తర్వాత లేస్తుంది. ‘అవదు సార్, సోమవారానికి ఇస్తాను’ అనడానికి నాకు భయం వేయదు. ప్రాజెక్ట్ ప్లానింగ్ యాప్‌లు డజను వాడాను. వాటన్నింటికంటే ముందు ఆ రూళ్ల నోట్‌బుక్ ఉంది.

రెండో మనిషి నా టీమ్ లీడ్. ఓ శుక్రవారం సాయంత్రం మా సర్వీసు మొత్తం పడిపోయింది. అరగంట పైన కస్టమర్లెవరికీ లాగిన్ అవలేదు. అందరం ఎవరి కోడ్ వాళ్లం లోలోపల తడుముకుంటున్నాం. సమస్య తీరాక ఆయన పైవాళ్లకు, మాకు కలిపి మెయిల్ పెట్టాడు. మొదటి లైన్: ‘టెస్ట్ సర్వర్ అనుకుని ప్రొడక్షన్‌లో కమాండ్ ఇచ్చింది నేను.’ కింద ఏ నిమిషంలో ఏం జరిగింది, మళ్లీ జరగకుండా ఏం మార్చాలి. సాకు లేదు, ఏడుపూ లేదు. పెద్ద టెక్ కంపెనీల్లో దీనికి బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ అని పేరుంది, ట్రైనింగులు కూడా ఇస్తారు. మాకూ ఇచ్చారు, స్లయిడ్లతో సహా. ఆ స్లయిడ్లు చూశాక మాలో ఒక్కరూ మారలేదు. ఆ మెయిల్ తర్వాత మారాం. అప్పటిదాకా బగ్‌లు దాచి అర్ధరాత్రి గుట్టుగా సరిచేసుకున్నవాళ్లు పగటిపూటే ‘ఇది నాదే, చూస్తున్నా’ అనడం మొదలుపెట్టారు. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. ముందు తను చేశాడు.

ఇది మన కాలంలో కనిపెట్టిందేం కాదు. దక్షిణాఫ్రికాలో జోహన్నెస్‌బర్గ్ దగ్గర గాంధీజీ 1910లో టాల్‌స్టాయ్ ఫామ్ మొదలుపెట్టారు. ఆయన మిత్రుడు కాలెన్‌బాక్ ఇచ్చిన 1,100 ఎకరాల భూమి అది. అక్కడి పిల్లలకు చదువు చెప్పే భారం ఎక్కువగా గాంధీజీ మీదే పడింది. తన ఆత్మకథలో ఆయన అక్కడి పద్ధతి ఒకటి రాసుకున్నారు. టీచర్లు చేయని పని పిల్లలకు చెప్పకూడదు. పిల్లలు గుంటలు తవ్వుతుంటే, చెట్లు కొడుతుంటే, పక్కన ఒక టీచర్ కూడా ఆ పనే చేస్తుండాలి. చెప్పులు కుట్టడం నేర్పాలనుకున్నప్పుడు కాలెన్‌బాక్ ముందు ఒక క్రైస్తవ మఠానికి వెళ్లి తాను నేర్చుకొచ్చారు. ఆయన దగ్గర గాంధీజీ నేర్చుకున్నారు. తర్వాతే పిల్లలు.

అక్కడ ఒక పిల్లాడు ఎంత చెప్పినా వినకపోతే గాంధీజీ ఒకసారి రూళ్లకర్రతో కొట్టారు కూడా. కొట్టేటప్పుడు తన చెయ్యి వణికిందని, ఆ తర్వాత ఎప్పటికీ దానికి బాధపడ్డానని ఆయనే రాశారు. మా ఫ్లోర్ ఇన్‌చార్జి చెయ్యి ఎప్పుడూ వణకలేదు. కొట్టడం రెండు చోట్లా ఒకటే అయినా, ఏ చేతికి పిల్లలు మనసులో లోబడతారో మీరే చెప్పండి.

ఇప్పుడు మన వంతు

ఇదంతా చదివి ‘అవును, మా నాన్న ఇలాగే, అందుకే నేనిలా’ అని హాయిగా దిండు సర్దుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆ సాకుకు పంతొమ్మిది, ఇరవై ఏళ్లదాకా గడువు ఇద్దాం. ఆ తర్వాత మీరూ ఒకరికి పెద్దవాళ్లే. కాదంటారా? మీ చిన్నాన్న కొడుకు మీ హెయిర్ కట్ కాపీ కొడుతున్నాడు. జూనియర్లు మీ పాత రికార్డులు తీసుకుంటున్నారు, వాటితోపాటు ఎక్స్‌టర్నల్‌ను ఎలా మేనేజ్ చేయాలో మీ చిట్కాలు కూడా. అమ్మానాన్నల మాట వినని చెల్లి, మీరు రాత్రి ఒంటిగంటదాకా ఫోన్ చూస్తుంటే ఆ టైమ్ మాత్రం కరెక్టుగా గుర్తుపెట్టుకుంటుంది.

ఒక్క ఉదాహరణ చాలు. దసరాకు ఊరెళ్తారు. పదహారేళ్ల తమ్ముడు, ‘అన్నా, ఒక్క రౌండ్’ అని బండి తాళం అడుగుతాడు. మీరు హీరో అయిపోవడానికి అంతకంటే సులువైన దారి లేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 199ఏ అని ఒక సెక్షన్ పెట్టారు. మైనర్ నేరం చేస్తే దానికి సంరక్షకుడిదీ, బండి యజమానిదీ బాధ్యత. మూడేళ్లదాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ కుర్రాడికి పాతికేళ్లు వచ్చేదాకా లెర్నర్ లైసెన్స్ కూడా రాదు. ఆ చట్టం రాసినవాళ్లు ఎవరిని పట్టుకున్నారో గమనించారా? తాళం ఇచ్చిన చేతిని.

తాళం ఇవ్వనంటే తమ్ముడు అలుగుతాడు. ‘నువ్వు టెన్త్‌లోనే నడిపావుగా’ అంటాడు. వాళ్ల దగ్గర మన లాగ్స్ అన్నీ ఉంటాయి, జాగ్రత్త! అప్పుడు చట్టం సెక్షన్లు చదవకండి. కూర్చోబెట్టి ఎందుకు ఇవ్వట్లేదో చెప్పండి, పద్దెనిమిది నిండిన వారం మీరే ఆర్‌టీఏ ఆఫీసుకు తీసుకెళ్తానని మాటివ్వండి. ఆ వారం రాగానే లీవ్ పెట్టి తీసుకెళ్లండి. కష్టమైన భాగం అదే. ఆరోజు రిలీజ్ ఉంటుంది, మేనేజర్ కస్సుమంటాడు. తమ్ముడు మాత్రం రెండేళ్లుగా ఆ రెండో చాక్లెట్ కోసం ఎదురుచూస్తూ ఉంటాడు.

మా కాలేజీ జూనియర్ ఒకడు ఆమధ్య ఫోన్ చేశాడు. ‘అన్నా, మా మావయ్య మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టమంటున్నాడు. కన్సల్టెన్సీ వాళ్లు పే స్లిప్పులతో సహా ఇస్తారంట. ఏం చేయమంటావ్?’ పీఎఫ్ రికార్డు చూస్తే ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశావో తెలిసిపోతుందిరా, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అదే చూస్తారు అని ముందు ఆ లెక్క చెప్పాను. దొరక్కపోయినా సరే, మూడేళ్ల పని తెలిసినట్టు రోజూ నటించడం ఎంత నరకమో కూడా చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, ‘మరి ఫ్రెషర్‌గా నన్నెవడు తీసుకుంటాడు?’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. రెజ్యూమ్‌లో అనుభవం సున్నా అనే పెట్టు, నువ్వు నిజంగా చేసిన ప్రాజెక్టు ఒక్కటైనా పెట్టు, ప్రతి శనివారం రాత్రి తొమ్మిదింటికి నేను మాక్ ఇంటర్వ్యూ తీసుకుంటానని చెప్పాను.

ఇప్పటికి పదకొండు శనివారాలయ్యాయి. రెండుసార్లు మా ఆఫీసులో రిలీజ్ పడి టైమ్ మార్చాల్సి వచ్చింది, శుక్రవారమే వాడికి చెప్పాను. వాడు రెండు కంపెనీల్లో టెక్నికల్ రౌండ్‌దాకా వెళ్లాడు. ఉద్యోగం ఇంకా రాలేదు. మావయ్య వారం వారం ఫోన్ చేస్తూనే ఉన్నాడట. వచ్చే శనివారం ఎస్‌క్యూఎల్ జాయిన్స్ చేద్దామన్నాడు, నేనూ కొంచెం తిరగేసుకోవాలి.